పెరటికి గోరింట కంచె

గృహమునకు గోడ యెట్టిదో పెరటికి కంచె యట్టిది. గోడ కట్టుటకు ధనము కావలెను. పచ్చని కంచె పెంచుటకు ఓర్పు చాలును. వీధిదుమ్ము నడ్డగించి గాలిని మాత్రము లోనికి రానిచ్చు గుణము జీవముగల కంచెకే కలదు. మన తెలుగునాటి యెండకును నేలకును తగిన కంచెమొక్కలలో గోరింట ముఖ్యమైనది.

కొందఱు పువ్వుల యందమును జూచి గన్నేరును కంచెగా నాటుదురు. గన్నేరు, పచ్చగన్నేరు ఈ రెండింటియందును ఆకు, పువ్వు, గింజ, బెరడు, పాలు సర్వమును విషమే. ఆ విషము గుండెను చెఱచును. ఆకు ఎండినను అది పోదు. కంచెను కత్తిరించినప్పుడు రాలిన రెమ్మలు గడ్డితో కలిసి పశువు నోట బడినచో ప్రాణాపాయము. పసిపిల్లలు తిరుగు పెరటికిని, పాడిపశువుగల యింటికిని అది తగదు. ఇదివఱకే యున్నచో కత్తిరించిన రెమ్మలనెల్ల వెంటనే యేరి పాతిపెట్టవలెను, వంటపొయ్యిలో పెట్టరాదు.

గోరింటను విత్తనముచేతను పెంచవచ్చును గాని, అవి మిక్కిలి సన్నములు, మొలచుటకు ఆలస్యమగును. గృహిణులకు కొమ్మయే సులభము. మాఘ ఫాల్గుణములలో పెన్సిలంత లావుగల ముదురుకొమ్మలను జానెడు పొడవున కోసి, సగము మన్నులో నుండునట్లు తొట్టెలయందు గ్రుచ్చి, నీడనుంచి తడుపుచుండవలెను. తొలకరి వానలు పడిన పిదప వేరూనిన మొక్కలను కంచెకు మార్చవలెను. 1 అడుగు లోతున కాలువ త్రవ్వి, బాగుగ మాగిన పెంటయెరువును మట్టితో కలిపి నింపి, మొక్కకును మొక్కకును 1 అడుగు ఎడముగా నాటవలెను. నీరు నిలుచు చోట వేళ్లు కుళ్లును. మొదటి వేసవి దాటువఱకు వారమునకు 2 మాఱులు నీరు పోసినచో, ఆపైని యెండలను అది తానే యోర్చుకొనును.

ఇక కంచె బాగోగులన్నియు కత్తెరపై నాధారపడియున్నవి. ముచ్చటగా పెరుగుచున్న మొక్కను కత్తిరించుటకు చేయిరాక విడిచిపెట్టుట పలువుర యలవాటు. అట్లు విడిచిన మొక్క పైకి సాగి యడుగున బోసియగును. కోళ్లును మేకపిల్లలును దూరిపోవు కంచెవలన ప్రయోజన మేమి? కొన తెగినప్పుడే క్రింది కణుపులయందలి మొగ్గలు మేల్కొని ప్రక్కకొమ్మలు వేయును. కావున మొక్క అడుగున్నర యెత్తు పెరుగగానే జానెడెత్తునకు కత్తిరింపవలెను. క్రొత్తచిగుళ్లు జానెడు సాగినప్పుడెల్ల సగము తీసివేయుచుండవలెను. రెండేండ్లీ విధమున చేసి, పిదప 4 అడుగుల యెత్తున నిలుపవచ్చును. అడుగుభాగము వెడల్పుగను, పైభాగము సన్నముగను ఉండునట్లు కత్తిరించినగాని క్రిందికొమ్మలకు వెలుతురు తగులదు. వెలుతురు లేనిచో అచటి యాకు రాలిపోవును.

పువ్వులు కొమ్మల చివరల పూయును గనుక, తఱచుగా కత్తిరించు కంచె పూయదు. ఆ పరిమళమును కోరువారు మూలనొక మొక్కను స్వేచ్ఛగా పెరుగనీయవలెను. ఆముదపు చేలకు పట్టు దాసరిపురుగు గోరింటకును పట్టును. దానిని ఉదయమున చేతితో నేరివేయుట మేలు. చేతులకు పెట్టుకొను ఆకుపై విషపు మందు చల్లరాదు గదా!

ఆషాఢమునను, అట్లతద్దికిని ఇరుగుపొరుగు బాలికలు ఆకుకొఱకు వత్తురు. ఒక్కచోటనే దూసి బోడి చేయనీయక, కంచె పొడవునను చిగుళ్లు కత్తిరించి యిచ్చినచో, వారికి ఆకును, కంచెకు కత్తిరింపును ఒక్కమాఱే సమకూరును. బజారున నమ్ము కొన్ని నల్లని ముద్దలలో పారాఫెనిలిన్ డయమిన్ అను రసాయనమును కలుపుదురు. దానివలన కొందఱి చర్మము బొబ్బలెక్కును. ఇంటియాకున ఆ భయము లేదు. అయినను నెలలబిడ్డలకు గోరింట పెట్టరాదు. జీ సిక్స్ పీ డీ అను లోపము పుట్టుకతో గల శిశువులకు, ఆకును పండించు లాసోన్ అను పదార్థము చర్మముగుండ లోనికి చేరి రక్తకణములను చెఱచును. ఆ లోపమున్నట్లు తెలిసినవారు ఏ వయస్సుననైనను దీనిని మానవలెను.

సోదరీమణులారా! పొరుగింటి గోరింటనుండి పది కొమ్మలు తెచ్చినచో మీ పెరటి కంచెకు ఆరంభమగును. మొదటి రెండేండ్లు కత్తెరకు వెనుదీయకుడు. పిదప ఆ కంచె చిరకాలము మీ యింటిని కాపాడుచు, మీ కుమార్తెల యరచేతులను పండించును.