తరగతి గది దాటిన చలనచిత్రం

నాటకాన్ని మన పెద్దలు దృశ్యకావ్యమన్నారు. చదివి ఊహించుకోవడం కంటే కన్నులారా చూచినప్పుడే దానిలోని రసం సంపూర్ణంగా అనుభవానికి వస్తుందని వారి భావం. చలనచిత్రం విషయంలో ఇది మరింత సత్యం. కనుకనే సాహిత్యం, చరిత్ర, సమాజశాస్త్రం, వైద్యం మొదలైన విషయాల బోధనకు విశ్వవిద్యాలయాలు చిరకాలంగా చలనచిత్రాలను సాధనంగా వాడుకుంటున్నాయి.

ఒకప్పుడు ఇది శ్రమతో కూడిన పని. ఫిల్ము చుట్టలు తెప్పించాలి, ప్రొజెక్టరు అమర్చాలి, గదిని చీకటి చేయాలి. తరువాత వీడియో కేసెట్లు, డి.వి.డి.లు వచ్చి ఈ శ్రమను తగ్గించాయి. అయినా ఒక చిక్కు మిగిలింది. తరగతి గంటసేపు, చిత్రం రెండు గంటలు. గ్రంథాలయంలో ఉన్నది ఒక్క ప్రతి, చూడవలసినవారు వందమంది. ఈ చిక్కుకు పరిష్కారంగా వచ్చినదే చిత్రాలను డిజిటల్ రూపంలోకి మార్చి అంతర్జాలం ద్వారా ప్రసారం చేసే పద్ధతి.

ఫిల్ముపై సెకనుకు 24 బొమ్మలు ఉంటాయి. ఆ లెక్కన రెండు గంటల చిత్రంలో 1,72,800 బొమ్మలు. ప్రతి బొమ్మలోని రంగును, వెలుగును అంకెలుగా మార్చడమే డిజిటలీకరణ. ఒక బొమ్మకు, దాని తరువాతి బొమ్మకు మధ్య మార్పు స్వల్పం కాబట్టి, మారిన భాగాన్ని మాత్రమే నమోదు చేసి పరిమాణాన్ని బాగా తగ్గిస్తారు. ఇట్లా సిద్ధమైన చిత్రాన్ని విద్యార్థికి అందించడానికి రెండు మార్గాలున్నాయి. చెరువు నీటిని బిందెతో ఇంటికి తెచ్చుకోవడం వంటిది డౌన్‌లోడు. ప్రతి మన దగ్గరే నిలిచి ఉంటుంది. కాలువ నీరు పొలంలో పారడం వంటిది స్ట్రీమింగు. పారినంతసేపే దాని ఉపయోగం. చిత్రం చిన్న చిన్న భాగాలుగా వస్తుంది. ప్రదర్శితమైన భాగం సాధారణంగా నిలిచి ఉండదు.

సాంకేతికంగా సులభమైన ఈ పని చట్టం ముందు జటిలమైన ప్రశ్నగా నిలిచింది. అమెరికాలో 1976 నాటి కాపీరైటు చట్టం, లాభాపేక్ష లేని విద్యాసంస్థలో అధ్యాపకుడు, విద్యార్థులు ముఖాముఖిగా ఉన్న తరగతిలో న్యాయబద్ధంగా తయారైన ప్రతిని పూర్తిగా ప్రదర్శించడానికి అనుమతించింది. దూరవిద్యను దృష్టిలో ఉంచుకొని 2002లో వచ్చిన మరొక చట్టం మాత్రం, అంతర్జాలంలో చలనచిత్రాల నుండి సముచితమైన, పరిమితమైన భాగాలను చూపడానికే అవకాశమిచ్చింది. అంటే గదిలో పూర్తిగా చూడదగిన చిత్రం, అదే విద్యార్థి తన వసతిగృహంలో చూడబోయేసరికి భాగమాత్రమైపోతుంది.

లాస్‌ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వ్యవహారంలో ఈ వైరుధ్యం న్యాయస్థానం దాకా వెళ్ళింది. ఆ విశ్వవిద్యాలయం తాను కొన్న డి.వి.డి.లను డిజిటల్ ప్రతులుగా మార్చి, ఆయా తరగతులలో చేరిన విద్యార్థులు మాత్రమే సంకేతపదంతో చూసేటట్లు ఏర్పాటు చేసింది. విద్యాచిత్రాల వ్యాపారుల సంఘం ఆక్షేపించడంతో 2010 జనవరిలో ప్రసారాలను ఆపి, మార్చిలో పునరుద్ధరించింది. అదే సంవత్సరం డిసెంబరులో ఆ సంఘమూ, ఆంబ్రోస్ వీడియో అనే సంస్థా దావా వేశాయి. బి.బి.సి. నిర్మించిన షేక్స్‌పియర్ నాటకాల చిత్రాలు వివాదంలో ప్రధానమైనవి.

ప్రతులతోపాటు బహిరంగ ప్రదర్శనకు కూడ విశ్వవిద్యాలయం అనుమతి పొందిందనీ, విద్యార్థి ఎక్కడ కూర్చుని చూసినా అది విద్యాసందర్భమే అవుతుందనీ 2011లో న్యాయస్థానం భావించింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి రాజ్యాంగం కల్పించే రక్షణ కూడ వాదులకు ప్రతిబంధకమైంది. 2012 నవంబరులో దావా పూర్తిగా కొట్టివేయబడింది. అయితే, ప్రత్యేకమైన ఆ అనుమతి లేకుండా కొన్న చిత్రాల మాట ఏమిటన్న ప్రశ్న తేలలేదు.

నిర్మాతల పక్షాన్ని కూడ విస్మరించరాదు. వినోదచిత్రానికి లక్షలాది ప్రేక్షకులుంటారు. ఒక జాతి భాషను గురించో, ఒక వ్యాధిని గురించో ఏళ్ళ తరబడి శ్రమించి తీసిన విద్యాచిత్రాన్ని కొనేవి ప్రధానంగా కళాశాలలూ, గ్రంథాలయాలే. అవి ఒక్క ప్రతితో శాశ్వతంగా సరిపెట్టుకుంటే, తదుపరి చిత్రానికి పెట్టుబడి రాదు. బోధనకు సాధనం కావాలన్న అధ్యాపకునికే ఆ లోటు చివరకు తగులుతుంది.

ఈ రెండు ప్రయోజనాలకూ మధ్యమార్గంగా లైసెన్సు సేవలు ఏర్పడ్డాయి. 2008లో ఆస్ట్రేలియాలో ప్రారంభమైన కానోపీ వాటిలో ఒకటి. ఇట్లాంటి సేవలలో గ్రంథాలయం రుసుము చెల్లించి నిర్ణీతకాలానికి ప్రసారపు హక్కు పొందుతుంది. చట్టపరమైన సందేహం తీరుతుంది కాని, గడువు ముగిస్తే చిత్రం అందుబాటులో ఉండదు. బీరువాలోని డి.వి.డి. గ్రంథాలయపు సొత్తు, లైసెన్సు చిత్రం అద్దె వస్తువు.

మన దేశంలో 1957 నాటి కాపీరైటు చట్టపు 52వ సెక్షను, విద్యాసంస్థ కార్యక్రమాలలో భాగంగా అధ్యాపకులు, విద్యార్థులు, వారి తల్లిదండ్రులు మొదలైన పరిమిత ప్రేక్షకులకు చలనచిత్రం చూపడాన్ని ఉల్లంఘనగా పరిగణించదు. బోధన అంటే తరగతి గదిలోని ఉపన్యాసం మాత్రమే కాదని 2016లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం, పుస్తకాల ఫోటోకాపీల వివాదంలో స్పష్టం చేసింది. ఆ తీర్పు చిత్రాలను గురించినది కాకపోయినా, అందులోని భావం ఆలోచింపదగినది. 2020లో కరోనా వలన కళాశాలలు మూతపడినప్పుడు విద్యార్థి ఇల్లే తరగతి గది అయింది కదా!

విద్య గోడలకు కట్టుబడి ఉండదు. సృష్టించినవాని శ్రమ విలువ లేనిది కాదు. ఈ రెండింటినీ సమదృష్టితో కాపాడగలిగినప్పుడే చలనచిత్రం విద్యార్థికి నిజమైన పాఠ్యగ్రంథం కాగలదు.