వెనక చక్రం పట్టేస్తోందా? ఘాట్‌ దిగకముందే చూసుకోండి

కొరాపుట్‌: పండక్కో, పెళ్లికో, విశాఖ ఆస్పత్రికో... జయపురం, కొరాపుట్‌, సునాబెడల నుంచి మనవాళ్ల కార్లు ఎక్కువగా దిగేది పొట్టంగి, సుంకి మీదుగా సాలూరుకే. 26వ నంబరు జాతీయ రహదారి. పాతవాళ్ల నోట ఇంకా 43వ నంబరే! మలుపుల్లో వెనక నుంచి ఏదో రొద. ఆపి చూస్తే ఒక చక్రం దగ్గర కమురు వాసన. ‘సాలూరులో చూపిద్దాంలే’ అని బయల్దేరితే కొంప మునిగినట్టే. బ్రేకు పట్టేసిన చక్రం దిగుతున్నంతసేపూ కాలుతూనే ఉంటుంది. వేడి ముదిరితే బ్రేక్‌ ఆయిల్‌ మరిగి ఆవిరి పుడుతుంది. అప్పుడు పెడల్‌ తొక్కితే మెత్తగా కిందికి పోతుంది. బండి ఆగదు.

రొద ఎక్కడిది?

వేగంతో పాటు పెరిగే గుయ్‌మనే శబ్దం చాలావరకు బేరింగుదే. ఎడమకు తిప్పినప్పుడు పెరిగితే కుడి చక్రాన్ని, కుడికి తిప్పినప్పుడు పెరిగితే ఎడమ చక్రాన్ని అనుమానించాలి. రోడ్డు మారగానే శబ్దమూ మారితే అది ఎగుడుదిగుడుగా అరిగిన టైరు. బ్రేకు తొక్కినప్పుడే గీరుతోందంటే లైనర్లు అయిపోయి ఇనుము తగులుతోందన్నమాట.

జాకీ ఎక్కిస్తే...

చల్లారాక, చదును నేల మీద ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌ బ్రేకు వదిలి వెనక చక్రం లేపాలి. కారు కిందికి మాత్రం దూరొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆడుతోందా? బేరింగు చూపించాలి. చేత్తో తిప్పితే గట్టిగా ఉందా? హ్యాండ్‌ బ్రేకు కేబులు వదులు చేయించాలి. అప్పుడు తిరిగితే దోషం కేబులుదే. వానల్లో తడిసి తుప్పు పట్టిన కేబులు లాగితే వస్తుంది గానీ వెనక్కి పోదు. హ్యాండ్‌ బ్రేకు లాగి నెలల తరబడి నిలిపిన కార్లకు ఈ బాధ ఎక్కువ.

అయినా తిరగకపోతే మేస్త్రి చక్రం వెనకున్న బ్లీడర్‌ నట్టు కాస్త విప్పుతాడు. ఆయిల్‌ చిమ్మి చక్రం వదిలితే ఒత్తిడి లోపలే నిలిచిపోతోందని అర్థం. రబ్బరు హోసు మూసుకుపోయిందేమో చూడాలి. అప్పటికీ కదలకపోతే డ్రమ్ము ఊడదీయక తప్పదు. షూలు బిగిశాయో, స్ప్రింగు తెగిందో, వీల్‌ సిలిండర్‌ పట్టేసిందో అక్కడే తేలుతుంది.

దారిలో పట్టేస్తే?

డ్రమ్ము మీద నీళ్లు కొట్టొద్దు, పగలొచ్చు. ముట్టుకోవద్దు, చెయ్యి కాలుతుంది. వేడి మీద హ్యాండ్‌ బ్రేకు లాగినా తిప్పలే. చల్లారే కొద్దీ డ్రమ్ము కుంచించుకుని షూలను ఇంకా బిగిస్తుంది. గేరులో ఉంచి చక్రాలకు రాళ్లు పెడితే చాలు. (వెళ్లేటప్పుడు ఆ రాళ్లు తీయడం మాత్రం మరిచిపోతుంటారు. వెనక వచ్చే మోటారుసైకిలు వాడి గతేం కాను?) చల్లారాక కూడా చక్రం లాగుతుంటే ఘాట్‌ దిగే ఆలోచన మానుకుని మెకానిక్‌ను అక్కడికే పిలిపించాలి. లైనర్లు మార్చాల్సి వస్తే రెండు వెనక చక్రాలకూ కలిపి మార్పించాలి. ఒక్కదానికే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది.