చలి ముంగిట్లో నాట్లు: ఎందుకు? ఎలా?

ఇంగ్లండులో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది అడిగే ప్రశ్న ఇది. సెప్టెంబరు రాగానే పక్కింటివాళ్లు ఎత్తైన కొండల మీద పెరిగే ఆల్పైన్ మొక్కలూ, ఒంట్లో నీరు దాచుకునే సక్యులెంట్లూ తెచ్చి ఆరుబయట నాటేస్తుంటారు. రెండు నెలల్లో గడ్డకట్టే చలి పెట్టుకుని ఇప్పుడు నాటడమేమిటి?

నేలను బట్టి నాటుతారు, గాలిని బట్టి కాదు. గాలి చల్లబడ్డంత తొందరగా నేల చల్లబడదు. వేసవి వేడి అక్టోబరు దాకా అందులో ఉంటుంది. పైన ఆకు ఎదుగుదల ఆగినా కింద వేరు పాకుతూనే ఉంటుంది. వానలు ఎలాగూ పడతాయి, నీళ్లు మోయక్కర్లేదు. అదే వసంతం చివర్లో నాటారా, వేరు లోతుకు దిగేలోపే ఎండలు ముదురుతాయి.

మరి చలికి చావవా? ఆల్ప్స్ మీద రెండు వేల మీటర్ల ఎత్తున పుట్టినవాటికి చలి కొత్తేమీ కాదు. అక్కడ శీతాకాలమంతా మందమైన మంచు కింద ఉంటాయి. ఆ మంచు అడుగున ఉష్ణోగ్రత సున్నాకు దగ్గర్లోనే నిలకడగా ఉంటుంది. పైగా నీరు గడ్డకట్టి ఉంటుంది కాబట్టి మొక్క దాదాపు పొడిగానే ఉంటుంది. ఇంగ్లండు చలికాలం ఆ బాపతు కాదు. వారం ముసురు, ఓ రాత్రి గడ్డకట్టడం, తెల్లారి కరగడం, మళ్లీ ముసురు. చలికి చచ్చిందనుకున్న మొక్కను పీకి చూడండి: చాలాసార్లు మొదలు నల్లబడి, మెత్తగా కుళ్లి ఉంటుంది. అది తడి చేసిన పని.

సక్యులెంట్లకు ఈ బెడద ఇంకా ఎక్కువ. ఎందుకో తెలియాలంటే మన రణపాల ఆకును పొద్దున్నే ఒకటి, సాయంత్రం ఒకటి కొరికి చూడాలి. పొద్దున పులుపు, సాయంత్రానికి ఆ పులుపు ఉండదు. ఈ తేడాను 1815లో లండన్ లినియన్ సొసైటీ పత్రికలో నమోదు చేసిన బెంజమిన్ హైన్, అంతకుముందు మన సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ తోటను చూసుకున్నవాడే. ఇలాంటి మొక్కలు పగలు ఆకురంధ్రాలు మూసుకుని, రాత్రిపూట తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చి, దాన్ని ఆమ్లంగా దాచుకుంటాయి. నీటి ఖర్చులో అంత పిసినారులు. పాదులో నీళ్లు నిలిస్తే వాటిని తాగి నేలను ఆరబెట్టే శక్తి వీటికెక్కడిది?

అమెరికాలో న్యూజెర్సీ ఇసుక నేలల్లో సహజంగా పెరిగే ఒక నాగజెముడు ఇంకో అడుగు ముందుకేసింది. చలి మొదలవగానే ఒంట్లో నీటిని తగ్గించేసుకుని, ముడతలుపడి, నేలకు సాగిలపడుతుంది. చచ్చిందని పారేయకండి. రసం చిక్కబడితే అంత తేలిగ్గా గడ్డకట్టదు, కణాలు పగలవు.

అన్ని సక్యులెంట్లూ ఈ గట్టిపిండాలు కావు. కిటికీలో పెట్టే ఎకివేరియా, జేడ్ మొక్కలు చలికాలం ఇంట్లోనే ఉండాలి. బయటకు పనికొచ్చేవి సెంపర్‌వైవమ్, చలి ఓర్చే సీడమ్‌లు. సెంపర్‌వైవమ్ మొండితనం పాతకాలం నుంచీ తెలిసిందే. తోటమాలి తన ఇంటికప్పు మీద దాన్ని పెంచాలని మధ్యయుగపు యూరప్ చక్రవర్తి షార్లమేన్ కాలం నాటి జమీ నిర్వహణ ఉత్తర్వులోనే ఉంది.

ఇక నాటే పద్ధతి. ఎండ తగిలేచోట మడిని నేలకంటే ఎత్తుగా కట్టండి. తోటమట్టి, చివికిన ఆకు ఎరువు, నాలుగైదు మిల్లీమీటర్ల పదును కంకర సమపాళ్లలో కలపండి. సెంపర్‌వైవమ్‌కైతే కంకర ఇంకాస్త. కలపడం ముఖ్యం. అడుగున రాళ్లు పరిచి పైన మట్టి పోస్తే నీరు జారిపోతుందని చాలామంది నమ్మకం, నిజానికి జరిగేది దానికి విరుద్ధం. సన్నమట్టి పూర్తిగా నానేదాకా కింది రాళ్లలోకి నీరు దిగదు, వేళ్ల దగ్గరే ఆగిపోతుంది.

కుండీలోంచి తీశాక వేళ్ల చుట్టూ ఉన్న నర్సరీ మట్టిని వీలైనంత రాల్చేయండి. కంకర మడిలో ఆ ముద్ద స్పాంజిలా నీరు పట్టుకుని కూర్చుంటుంది. చుట్టలు చుట్టుకున్న వేళ్లను చేతివేళ్లతోనే మెల్లగా విడదీయండి. మొదలు మట్టిమట్టం కంటే కొంచెం పైకుండేలా నాటి, ఆకుల కింద మెడ చుట్టూ రెండు సెంటీమీటర్ల మందాన కంకర నింపండి. ఒక్కసారి నీళ్లు పోస్తే చాలు. రాలిపడ్డ చెట్ల ఆకులను మాత్రం ఎప్పటికప్పుడు ఏరేయాలి, వాటి కిందే కుళ్లు మొదలవుతుంది.

లూవిసియా, నూగు ఉన్న ఆండ్రోసేస్‌లాంటి సుకుమారాలకు నవంబరు నుంచి మార్చి దాకా పైన ఒక గాజుపలకను కప్పులా అమర్చండి. పక్కలు మూయొద్దు; గాలి ఆడాలి. లూవిసియానైతే రాళ్ల సందులో అడ్డంగా నాటితే ఇంకా మేలు, ఆకుల గుత్తిలో నీరు నిలవదు.

గట్టి మంచుకు అయిదారు వారాల ముందే ఇదంతా అయిపోవాలి. వేరు పట్టని మొక్కను గడ్డకట్టి ఉబ్బిన నేల పైకి నెట్టేస్తుంది. అలా లేచినవి కనిపిస్తే, మంచు కరిగిన రోజు బొటనవేలితో మళ్లీ అదిమితే సరి. నవంబరు వచ్చేస్తే ఇక నాటకండి. కుండీతోనే వాన పడని చోట, చల్లగా, వెలుతురులో ఉంచి మార్చిలో దించుకోండి.