కౌటిల్యుని యాత్రావిచారము: వివధాసారప్రసారములు

యుద్ధవిజయమును గూర్చి పలుకునపుడు శౌర్యమును, సేనాసంఖ్యను మాత్రమే గణించుట పరిపాటి. కాని 1909లో ఆర్. శామశాస్త్రిగారు మైసూరునందు ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమును సాంతముగా పఠించినవారికి, జయాపజయములను చాలవరకు ముందే నిర్ణయించునవి ధాన్యము, తృణము, జలము, ఋతువు అని విశదమగును.

పదవ అధికరణమున మూడు పారిభాషికపదములు కలవు. స్వదేశమునుండి సేన వెంట ఎడతెగక వచ్చు సామగ్రి వివధము. అరణ్యమునుండి సేకరించుకొను జీవనము ప్రసారము. మిత్రబలము ఆసారము. నిఘంటువులందు వివధమునకు కావడి, మార్గము అనియు, ఆసారమునకు జడివాన అనియు అర్థములుండుటచే విద్యార్థులు భ్రమపడుట కలదు. ఇచట శాస్త్రార్థమే గ్రాహ్యము.

దారిలోని గ్రామారణ్యములందు గడ్డి, వంటచెరకు, నీరు ఎంత లభించునో లెక్కించి మజిలీలు నిర్ణయింపవలెనని ఆచార్యుని విధి. ఆహారోపకరణములను అవసరమునకు రెట్టింపుగా కొనిపోవలెను. అది అశక్యమైనచో సైనికులచేతనే మోయింపవలెను, లేదా నడుమనడుమ నిలువచేయింపవలెను.

కాలనిర్ణయము తొమ్మిదవ అధికరణమునందున్నది. శత్రువునకు పాతధాన్యము తరిగి, క్రొత్తది ఇల్లు చేరని మార్గశీర్షము యాత్రకు తగిన కాలములలో నొకటి. ఉష్ణము మిక్కిలియై గడ్డి, నీరు కొఱవడిన దేశమునకు హేమంతమున, మంచువానలతో లోతునీరు గల దేశమునకు గ్రీష్మమున వెడలవలెను. నీరు లేనిచోట ఏనుగులు లోవేడిచే రోగగ్రస్తములగును గాన అచటికి గాడిదలు, ఒంటెలు, గుఱ్ఱములు గల బలము తగును.

అన్నింటికంటె సూక్ష్మమైన విచారము ఎనిమిదవ అధికరణమున గలదు. ధాన్యము తెగిన సేన వేఱొకచోటనుండి తెచ్చుకొనియైనను పోరగలదు. మనుష్యసాహాయ్యమును, వివధమును తెగిన సేన పోరజాలదు. అనగా నిలువకంటె దారి ప్రధానము.

పానిపట్టు దీనికి నిదర్శనము. 1760 నవంబరునుండి సదాశివరావు భావు సేన అచట కందకము త్రవ్వుకొని నిలిచెను. అబ్దాలీ సేన ఢిల్లీదారిని అడ్డగించెను. అబ్దాలీకి వచ్చు సామగ్రిని అడ్డుకొనుచుండిన గోవిందపంత్ బుందేలే ఆ డిసెంబరులో హతుడయ్యెను. కడకు ఆకలికి తాళలేకయే మరాఠాలు 1761 జనవరి 14న రణమునకు వెడలి, ఘోరపరాజయము పొందిరి. వారియందు శౌర్యలోపము లేదు, లోపించినది వివధము.

మన పాఠములందు వ్యూహప్రకరణములకు గల ఆదరము యాత్రాప్రకరణములకు లేదు. వ్యూహము ఒకదినపు పని. ఆ దినమువఱకు సేనను బ్రతికించునది వివధము. కావున అధ్యాపకులు ఈ రెంటిని జతపఱచి బోధించుట యుక్తము.