మార్కోవా గ్రామము

పోలండు దేశపు ఆగ్నేయభాగమున మార్కోవా అను పెద్ద గ్రామము కలదు. 1939వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన జర్మను సేనలు పోలండుపై దండెత్తెను. కొలది వారములలోనే ఆ గ్రామము పరాధీనమయ్యెను.

నాటినుండి రైతు తన పంటకు తాను యజమాని కాడయ్యెను. ప్రతి కుటుంబమును నిర్ణయించినంత ధాన్యము, మాంసము, పాలు పాలకులకు అప్పగింపవలసి వచ్చెను. ధాన్యము దాచినవారికి మరణదండనము సైతము విధింపబడుచుండెను. తిరుగళ్లు గూడ నిషిద్ధములగుటచే, జనులు రాత్రివేళ తలుపులు బిగించుకొని పిండి విసరుకొనుచుండిరి. ఎందరో యువతీయువకులను వెట్టిచాకిరికై జర్మనీకి కొనిపోయిరి. అచ్చట వారు ఉడుపులపై ‘పి’ అను అక్షరముగల గుర్తును ధరింపవలసి యుండెను. ఉన్నత పాఠశాలలు మూయబడెను. అయినను ఉపాధ్యాయులు ఇండ్లలో గుట్టుగా పాఠములు చెప్పుచునే యుండిరి.

యూదుల గతి ఇంతకంటె ఘోరము. వారిని నిర్మూలింపవలెనని నాజీలు నిశ్చయించిరి. 1941 అక్టోబరు 15 నాటి శాసనము ప్రకారము, తమకు నిర్ణయించిన వాడను విడిచిన యూదులకును, వారికి ఆశ్రయమిచ్చినవారికిని మరణమే శిక్ష. ప్రాణభీతిచే తలుపులు మూసికొన్నవారు కొందరు. జాడ తెలిపి పట్టియిచ్చినవారు కొందరు.

ఆ దినములలో మార్కోవాయందు యూజెఫ్ ఉల్మా, విక్టోరియా అను దంపతులుండిరి. యూజెఫ్ పండ్లమొక్కలను, తేనెటీగలను పెంచు రైతు. గ్రామస్థుల ఛాయాచిత్రములు తీయుట యన్న అతనికి మిక్కిలి మక్కువ. ఆరుగురు బిడ్డలున్న ఆ చిన్న యింటి అటకపై ఎనమండుగురు యూదులకు ఆ దంపతులు చోటిచ్చిరి. ఎవరో ఆ సంగతిని పాలకులకు చేరవేసిరి. 1944 మార్చి 24వ తేదీన తెల్లవారకముందే జర్మను రక్షకభటులు ఇల్లు చుట్టుముట్టిరి. మొదట ఆశ్రితులను, పిమ్మట దంపతులను, తుదకు బిడ్డలను కాల్చి చంపిరి. విక్టోరియా అప్పుడు నిండుచూలాలు. బిడ్డలలో పెద్దదానికి ఎనిమిదేండ్లైనను నిండలేదు.

1995లో ఇజ్రాయెలు దేశపు యాద్ వషెం సంస్థ ఆ దంపతులను ధర్మాత్ములుగా గుర్తించి గౌరవించెను. 2016లో మార్కోవాయందు వారి పేర ఒక ప్రదర్శనశాల వెలసెను.

మఱియొక విషయము గూడ స్మరణీయము. ఆ హత్యలు గ్రామమునెల్ల భయపెట్టుటకై చేసినవి. కాని అదే గ్రామమున మఱికొన్ని యిండ్లలో సుమారు ఇరువదిమంది యూదులు దాగియుండిరి. ఆ యిండ్లవారు ఉల్మా కుటుంబమునకు పట్టిన గతిని ఎఱుగుదురు. ఎఱిగియు వారిని వెడలగొట్టలేదు. 1944 వేసవిలో జర్మనులు వైదొలగువఱకు, ఉన్నదానిలోనే పంచి పెట్టి, వారిని కాపాడిరి.