మిరప మంట, గంజాయి మత్తు, మన రక్తనాళాలు

పచ్చిమిరపకాయలు తరిగిన చేతితో కన్ను నలుపుకుంటే ఏమవుతుందో అందరికీ అనుభవమే. కన్ను మండుతుంది, ఎర్రబడుతుంది. మంట సరే, ఎరుపు ఎందుకు? ఈ చిన్న ప్రశ్న వెంట వెళితే గంజాయికి సంబంధించిన రసాయనాలు శరీరంలో ఎలా పనిచేస్తాయో కూడా కొంత తెలుస్తుంది.

మన చర్మంలోనూ, రక్తనాళాల చుట్టూనూ సన్నని జ్ఞాననాడుల కొసలు వ్యాపించి ఉంటాయి. ఈ కొసల పైపొరలో ప్రొటీన్లతో ఏర్పడిన ద్వారాలుంటాయి. ఇవి ఒక రకం గ్రాహకాలు, అంటే రిసెప్టర్లు. వాటిలో ఒకదాని పేరు టి.ఆర్.పి.వి.1. మిరపలోని క్యాప్సైసిన్ తగిలినా, సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలినా ఈ ద్వారం తెరచుకుంటుంది. కారం మనకు 'మంట'గా తోచేది అందుకే. 1997లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో డేవిడ్ జూలియస్ బృందం దీనిని గుర్తించింది. 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకూ, స్పర్శ గ్రాహకాలను కనుగొన్న ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి లభించింది.

ద్వారం తెరచుకోగానే రెండు పనులు జరుగుతాయి. ఒకటి, మంట కబురు మెదడుకు వెళుతుంది. రెండు, అదే నాడి కొస నుంచి సి.జి.ఆర్.పి. అనే పదార్థం బయటికి వస్తుంది. అది రక్తనాళపు గోడలోని కండరాన్ని సడలిస్తుంది. నాళం వెడల్పవుతుంది, రక్తం ఎక్కువగా పారుతుంది, ఆ చోటు ఎర్రబడుతుంది. అంటే జ్ఞాననాడి కబురు మోసేది మాత్రమే కాదు, ఉన్నచోటనే పని చేసేది కూడా.

ఇక గంజాయి సంగతి. అందులో మత్తు కలిగించే టి.హెచ్.సి.ని 1964లో ఇజ్రాయెల్‌లో రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గావొని వేరుచేశారు. అది పట్టుకునే సి.బి.1 గ్రాహకం నిర్మాణం 1990లో తెలిసింది. మొక్కలోని పదార్థానికి మన మెదడులో గ్రాహకం ఎందుకుంది? శరీరమే అటువంటిది తయారుచేసుకుంటూ ఉండాలి కదా! 1992లో జెరూసలేంలో మెషూలమ్ ప్రయోగశాలవారు పంది మెదడు నుంచి అటువంటి పదార్థాన్ని రాబట్టి 'ఆనందమైడ్' అని పేరు పెట్టారు. అది మన 'ఆనందం' అన్న సంస్కృత పదమే. బడిలో కన్నడం చదివినా, తమిళం, ఒరియా, మరాఠీ చదివినా మన పిల్లలకు పరిచయమైన మాటే.

ఆనందమైడ్ రక్తనాళాలను సడలిస్తుందని తేలినప్పుడు, అది సి.బి.1 ద్వారానే జరుగుతుందని అనుకోవడం సహజం. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో పీటర్ జిగ్ముంట్, ఎడ్వర్డ్ హోగెస్టాట్ బృందం దీన్ని పరీక్షించింది. ఎలుక ధమనుల ముక్కలు తీసుకుని, సి.బి.1ను మూసే మందు వేసి చూశారు. సడలింపు ఆగలేదు. మిరప గ్రాహకాన్ని మూసే మందు వేశారు. ఆగింది. సి.జి.ఆర్.పి. పనిని అడ్డుకున్నారు. అప్పుడూ ఆగింది. 1999లో ప్రచురించిన ఈ పరిశోధన ఆనందమైడ్ ఆ ధమనులను సడలించింది మిరప ద్వారం నుంచేనని చూపింది. మరి టి.హెచ్.సి.? అది కూడా జ్ఞాననాడుల ద్వారా ధమనులను సడలిస్తుందనీ, అయితే అది మిరప ద్వారం గుండా కాదనీ 2002లో తేల్చారు. 2004లో ఆవనూనె ఘాటుకు స్పందించే టి.ఆర్.పి.ఎ.1 అనే మరో ద్వారాన్ని టి.హెచ్.సి. తెరుస్తుందని తెలిసింది.

ఈ జ్ఞానం వల్ల ప్రయోజనం కూడా కలిగింది. క్యాప్సైసిన్ పూతలు కొన్ని రకాల నాడీ నొప్పులకు వాడుతున్నారు. పదే పదే తగిలితే ఆ నాడులు స్పందించడం తగ్గిస్తాయి. మైగ్రేన్ తలనొప్పిలో సి.జి.ఆర్.పి. పాత్ర ఉన్నందున, దానిని అడ్డుకునే మందులు 2018 నుంచి వాడుకలోకి వచ్చాయి.

ఇక్కడ తల్లిదండ్రులూ, హాస్టళ్లలో ఉండే విద్యార్థులూ ఒక విషయం గమనించాలి. 'గంజాయి మొక్కే కదా, రక్తనాళాలకు మంచిదట' అని ఎవరైనా అంటే నమ్మవద్దు. గాజు పాత్రలోని ధమని ముక్క వేరు, మనిషి వేరు. గంజాయి తాగినవారికి గుండె వేగం పెరుగుతుంది. లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు. ఎదిగే వయసులో జ్ఞాపకశక్తికీ, చదువుకూ చేటు. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం గంజాయి దగ్గర ఉంచుకోవడం, తాగడం నేరం. ఒక్క కేసు చదువునూ, ఉద్యోగాన్నీ దెబ్బతీయగలదు.

ఇంటర్ తరువాత ఫార్మసీ, శరీరధర్మశాస్త్రం చదవదలచిన పిల్లలు లుండ్ ప్రయోగాన్ని గుర్తుంచుకోవాలి. పేరును బట్టి, అలవాటును బట్టి కారణాన్ని నిర్ణయించకుండా, ఒక్కొక్క దారినే మూసి చూశారు. శాస్త్రం చదవడమంటే ఆ ఓపిక నేర్చుకోవడమే.