మణికట్టులో చందమామ... సైటేషన్ల లెక్క

సోమలలో మా పెదనాయన కొడుకు టమోటా బాక్సులు ఎత్తే పనికి పోతాడు. మదనపల్లె మార్కెట్‌కు పోయే బండ్లకు లోడింగ్. నిరుడు కుడి మణికట్టు నొప్పి అంటే ‘బెణికింది’ అన్నారు. నూనె రాసినాం, కట్టు కట్టించినాం. ఎనిమిది నెలలైనా తగ్గలేదు. చివరికి ఎమ్మారై తీస్తే కీన్‌బాక్ వ్యాధి అని తేలింది. ‘‘ఆపరేషన్ అంటాండారు. నువ్వు కంప్యూటర్ చదివినోడివి కదా, చూసి చెప్పు’’ అన్నాడు అన్న.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. వాటిలో నెలవంక ఆకారంలో ఉండేది ల్యూనేట్. దానికి రక్తం సరిగా అందకపోతే మెల్లగా చచ్చి, నలిగిపోతుంది. 1910లో వియన్నా రేడియాలజిస్టు రాబర్ట్ కీన్‌బాక్ దీన్ని వివరించాడు. మొదటి దశలో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, ఎమ్మారైలో తెలుస్తుంది. ఎక్కువగా వచ్చేది 20 నుంచి 40 ఏళ్ల మగవాళ్లకు.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. నాకు తెలిసిన దారి ఒకటే: ఎక్కువ సైటేషన్లు ఉన్న పరిశోధన పత్రాలు ముందు చదవడం. ఒక పత్రాన్ని తర్వాతివాళ్లు ఎన్నిసార్లు పేర్కొన్నారో అదే సైటేషన్ లెక్క. గూగుల్ పేజ్‌ర్యాంక్‌కు ప్రేరణ కూడా ఈ లెక్కే. రెండు రాత్రులు కూర్చున్నాక నా నమ్మకం కొంచెం కదిలింది.

పైన ఉన్నవాటిలో చాలావరకు పాతవి. పాతదానికి పేరు చెప్పించుకునేందుకు ఎక్కువ ఏళ్లు దొరుకుతాయి మరి. నేను చదివినవాటిలో ఎక్కువ భాగం ఒక సర్జన్, కొద్దిమంది రోగుల అనుభవాలే. స్వీడన్‌కు చెందిన హుల్టెన్ 1928లో, ముంజేతి ఎముకల్లో అల్నా పొట్టిగా ఉన్నవాళ్లలో ఈ జబ్బు ఎక్కువని రాశాడు. రేడియస్ ఎముకను కొంచెం కురచ చేసే ఆపరేషన్‌కు ఆధారం ఆ ఆలోచనే. తర్వాత కొన్ని పరిశోధనల్లో ఆ సంబంధం కనిపించలేదు. కానీ ఒప్పుకున్నవాళ్లూ, కాదన్నవాళ్లూ ఇద్దరూ ఆయన పేరే రాయాలి. లెక్క మాత్రం పెరుగుతూనే ఉంటుంది!

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారినే చూడండి. 1925లో ఫిస్కేతో కలిసి రాసిన ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి పత్రం, శాస్త్ర ప్రపంచంలో బాగా ఎక్కువగా పేర్కొన్న వాటిలో ఒకటి. కారణం? ల్యాబుల్లో దాన్ని రోజూ వాడుకున్నారు. అంటే సైటేషన్ ఒక్కోసారి వాడకం, ఒక్కోసారి వాదన, ఒక్కోసారి వట్టి అలవాటు. రోగికి నయమవుతుందని ఇచ్చే హామీ మాత్రం కాదు.

అందుకే అన్నకు ఏ పత్రమూ చదివి వినిపించలేదు. డాక్టర్ను అడగమని మూడు ప్రశ్నలు రాసిచ్చినా. ‘నాది ఎన్నో దశ? నా అల్నా పొట్టిగా ఉందా? మీరు ఇలాంటి చేతులు ఎన్నింటికి చేసినారు, ఏళ్ల తర్వాత వాళ్లు బరువు ఎత్తగలుగుతాండారా?’

డాక్టర్ విసుక్కోలేదు. ఎమ్మారై ఫిల్మ్ వెలుగుకు పెట్టి అరగంట వివరించాడు. ఎముక ఇంకా నలగలేదట. అన్న ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. కోలుకునే దాకా బాక్సులు ఎత్తడు, మండీలో లెక్కలు రాస్తాడు.

మీ ఇంట్లో ఎవరికైనా మణికట్టు బెణుకు నెలల తరబడి తగ్గకపోతే, ఎక్స్‌రే బాగుంది కదా అని ఊరుకోకండి. ఇంకోసారి చూపించండి.